ఎండ ఊరి నడక

నరాల ఆసుపత్రి, రెండో అంతస్తు
వానలు తగ్గుముఖం పట్టిన వారం

బావా,

కవరు చూడగానే "వీడికి పనీపాటా లేదా" అని ఉంటావు. పనిలోనే ఉన్నాను. నడవాలో ఆ చివర ఒక పసుపు టేపు, ఈ చివర ఒక పసుపు టేపు. వాటి మధ్య రోగుల్ని నడిపించి స్టాప్‌వాచీ నొక్కడమే కదా నా ఉద్యోగం. నాకు గడియారం అని పేరుపెట్టి అక్క ముందు నువ్వు వెక్కిరించిన ఉద్యోగమే. ఇన్నాళ్లకి ఆ గడియారం నీకు పనికొచ్చే మాట ఒకటి చెప్పింది.

మా డాక్టరమ్మా, మీ ఊరి ఆసుపత్రీ, ఇంకా కొన్ని ఊళ్లవాళ్లూ కలిసి ఒక లెక్క తీస్తున్నారు. నీ జబ్బుదే, మల్టిపుల్ స్క్లెరోసిస్‌ది. అది అన్నిచోట్లా ఒకేలా ఉండదట. చలి ప్రాంతాల్లో ఎక్కువమందికి వస్తుందని ఎప్పటినుంచో అంటున్నదే. వచ్చాక ఎక్కడ తొందరగా ముదురుతుంది, ఎక్కడ నెమ్మదిగా పోతుంది అన్నది వీళ్లు చూస్తున్నారు. నీ వయసువాళ్లు, నీ అంత కాలంగా జబ్బున్నవాళ్లు నా కళ్లముందే టకటకా నడుస్తున్నారు బావా. కొందరైతే పరీక్ష అవగానే నాకంటే ముందు కింద టీ కొట్టుకి చేరుకుంటారు. మీ ఊరి కాగితాల్లో చూస్తే అదే వయసువాళ్లు కర్రలతోనో కుర్చీల్లోనో ఉన్నారు. ఎండ వల్లేమో అని డాక్టరమ్మ అనుమానం. ఇది ఇంకా పచ్చి లెక్క, బయటివాళ్లతో అనొద్దు అంది. నువ్వు బయటివాడివి కాదు కాబట్టి అంటున్నాను.

వచ్చెయ్. ఇంట్లో వెనకగది ఖాళీగానే ఉంది. అందులో నా సైకిలూ, ఒక విరిగిన ఫ్యానూ కాపురం ఉంటున్నాయి. వాటిని ఖాళీ చేయిస్తాను.

ఫోన్ చెయ్యొచ్చు కదా అనవని తెలుసు. అక్క పోయాక మనం ఫోన్‌లో మాట్లాడుకున్న ప్రతిసారీ నువ్వటూ నేనిటూ ముక్కులు చీదుకోవడంతోనే సరిపోయింది. కాగితం మీదైతే ఇద్దరికీ కాస్త పరువు దక్కుతుంది.

నీ గడియారం


లైబ్రరీ నేలమాళిగ, బైండింగ్ గది
మొదటి మంచు పడ్డ రోజు

ఒరేయ్ గడియారం,

నీ ఉత్తరం భూతద్దం పెట్టి రెండుసార్లు చదివాను. ఎడమ కన్ను ఈమధ్య మసకేసింది. నీ కోడిగీతలకి కుడికన్ను ఒక్కటీ చాలదు.

ఎండలో పెడితే నరాలు బాగుపడతాయా? నువ్వు నన్ను ఉతికిన దుప్పటిలా మేడ మీద ఆరేసేలా ఉన్నావు. నా జబ్బు సంగతి నీకు తెలియనిదేముంది. కరెంటు తీగ మీది తొడుగుని ఎలక కొరికినట్టు నరాల మీది పొర అక్కడక్కడా ఊడిపోతోంది. కదలమని మెదడు కబురు పంపుతుంది, అది కాలిదాకా చేరదు. ఎండకి కొత్త తొడుగు మొలుస్తుందంటే నాకు నమ్మబుద్ధి కావట్లేదు.

ఇక్కడ నాకేం లోటు? చిరిగిన పుస్తకాలు వస్తాయి, వాటి వీపులు ఊడదీసి, కుట్టి, అట్ట మీద క్యాలికో గుడ్డ అంటించి పైకి పంపుతాం. కుట్టుపని ఇదివరకు నాది. ఇప్పుడు వేళ్లకి స్పర్శ తగ్గి, పేజీ మీద ఎర్రచుక్క పడితే తప్ప సూది గుచ్చుకున్నట్టు తెలియట్లేదు. పెద్ద లైబ్రేరియన్ గారు అది చూసి, సూదీ దారం పక్కమనిషికి ఇచ్చి నాకు జిగురు డబ్బా ఇచ్చారు. ఆవిడ మంచిదే. కానీ ఆ రోజు ఇంటికెళ్లి ఎవరితోనూ చెప్పుకోవడానికి లేక, జిగురు అంటిన చేతులు కడుక్కుంటూ కుళాయి దగ్గరే ఉండిపోయాను.

మందు ఆపలేదు. ఆరు నెలలకోసారి ఆసుపత్రిలో డ్రిప్ పెడతారు. జబ్బుని అది పట్టి ఉంచుతోందని డాక్టర్లు అంటున్నారు. దానికోసం చాలామంది వరసలో ఉన్నారు. ఎవరైనా మానేస్తే ఆ చోటు వెంటనే ఇంకొకరికి పోతుంది, మళ్లీ కావాలంటే వరస చివర నిలబడాల్సిందే.

ఇంకో మాట. మీ అక్క ఉన్న రోజుల్లో నీ ఇంటికి అల్లుడి హోదాలో వచ్చాను, మంచి మంచం నాకే వేయించుకున్నాను. ఇప్పుడు ఏ ముఖం పెట్టుకుని వచ్చి నీ మీద పడి కూర్చోను? నిజంగా జబ్బుకి మంచిదైతే అది వేరే సంగతి.

కర్ర ఒకటి కొన్నాను. నల్లది, వెండి పొన్నుతో షోకుగా ఉంది. గదికే అందం వచ్చింది.

మీ బావ


ఇల్లు, వెనకగది (సైకిల్ బయటికి పోయింది)
చలికాలం, అయినా ఇక్కడ చొక్కా తడుస్తోంది

బావా,

జబ్బుకి మంచిదా అని కదా నీ ప్రశ్న. ఎండ మంచిదేనా అని డాక్టరమ్మని సూటిగా అడిగాను. "ఇప్పుడే చెప్పలేం" అంది. డాక్టర్లు ఎప్పుడూ అంతే, వాన పడుతున్నా కిటికీ తీసి చెయ్యి చాపితే గానీ ఒప్పుకోరు. నేను మాత్రం రోజూ చూస్తున్నాను.

మా దగ్గరికి ఒక డ్రాయింగ్ మాస్టారు వస్తారు. నీకంటే కాస్త పెద్ద, జబ్బు నీదానికంటే పాతది. టేపు దగ్గర నిలబడి "గన్ను పేల్చు" అంటారు. పరుగు పందెం అనుకుంటారు కాబోలు. పోయినసారి తన పాత సమయాన్ని తనే దాటేసి, గోడకి ఆనుకుని ఆయాసపడుతూ పిల్లాడిలా నవ్వారు. ఆయన్ని చూసినప్పుడల్లా నువ్వే గుర్తొస్తావు. మా బావ కూడా ఇక్కడ ఉంటే ఇలాగే నడిచేవాడు కదా అనిపిస్తుంది.

నీ డ్రిప్ గురించి కూడా అడిగాను. ఇక్కడ దొరకదు. మాత్రలున్నాయి. నా నడవాలో నడిచేవాళ్లంతా ఆ మాత్రలతోనే నడుస్తున్నారు మరి.

గదికి లేత నీలం రంగు వేయించాను. రంగులవాడు ఎవరొస్తున్నారని అడిగితే మా బావ అన్నాను. ఆ మాట ఎవరితోనైనా అని చాలా కాలమైంది. వాడు వెళ్లిపోయాక కూడా కాసేపు ఆ గదిలోనే తచ్చాడాను. సాయంత్రాలు ఇంటికొచ్చి తాళం తీస్తుంటే ఆ చప్పుడుకి లోపల్నుంచి ఎవరూ పలకరు, అదే కష్టం. నా సంగతి వదిలెయ్. నువ్వు రావాల్సింది నీ కాళ్ల కోసం.

నీ గడియారం


కిటికీ పక్క బల్ల, అద్దె ఇల్లు
మంచు కరుగుతున్న రోజులు

ఒరేయ్,

సరే, వస్తాను.

ఇంతకాలం రాయకపోవడానికి కారణం, స్నానాలగదిలో పడ్డాను. ఎముకలేం విరగలేదు. పక్కవాటాలో ఉండే ఇంటామె చప్పుడు విని వచ్చేదాకా నేల మీదే ఉన్నాను. పడ్డందుకు బాధ లేదురా. ఎవరైనా వస్తారా అని చెవులు రిక్కించి పడుకున్నాను చూడు, అది మాత్రం మళ్లీ వద్దు.

అందుకని ఎండ వైద్యానికి ఒప్పుకున్నాను. లైబ్రేరియన్ గారికి రాజీనామా ఇచ్చాను. ఇంటామెకి చెప్పాను. ఆసుపత్రిలో కూడా అడిగాను. ఈ నెలాఖరులోపు సంతకం పెడితే డ్రిప్‌లో నా చోటు ఇంకొకరికి ఇస్తారట. వచ్చే వారం వెళ్లి పెట్టేస్తాను. ఆ నర్సు "బాగా ఆలోచించుకున్నారా" అంది. మా బావమరిది ఈ జబ్బు మీద పరిశోధనలో ఉన్నాడమ్మా అన్నాను. నిన్ను కాస్త పెద్దవాణ్ణి చేసి చెప్పాను, సర్దుకో.

కొన్ని సందేహాలు. ఇంటి ముందు మెట్లున్నాయా? వెనకగది తలుపు వెడల్పు ఎంత? నా పుస్తకాల బీరువా పట్టాలి కదా, అందుకు. స్నానాలగది తలుపు వెడల్పు కూడా కొలిచి రాయి. అందులో బీరువా ఎందుకని అడక్కు. ఎండ మంచం దాకా వస్తుందా, లేక నేనే దాని దగ్గరికి పోవాలా?

పెట్టె సర్దుతుంటే ఈల వేశాను. ఆ చప్పుడుకి నేనే ఉలిక్కిపడ్డాను.

మీ బావ


ఇల్లు, ముందుగది
ఎండలు ముదిరాయి

బావా,

ఫోన్‌లో "సంతకం పెట్టకు, మిగతాది రాస్తాను" అని పెట్టేశాను. నువ్వు "ఏమైందిరా" అంటూనే ఉన్నావు. నోటితో చెప్పే ధైర్యం లేకపోయింది.

లెక్క బయటపెట్టే ముందు, రావడం మానేసినవాళ్ల ఇళ్లకి వెళ్లి చూసి రమ్మని డాక్టరమ్మ నన్ను పంపింది. "బాగుండి మానేశారో, బాగాలేక మానేశారో తెలియకుండా నేను ఒక్క ముక్క కూడా రాయను" అంది. డ్రాయింగ్ మాస్టారు కూడా ఈమధ్య రాలేదు. హుషారుగా ఉండి మానేశారనుకుని, మొదట ఆయన ఇంటికే వెళ్లాను.

ఇరుకు మెట్ల మీద పైన గది. మంచం మీద ఉన్నారు. నన్ను చూసి "గడియారం తెచ్చావా? అయితే కాస్త ఆగాలి, ముందు లేచి కూర్చునే పందెం ఉంది" అన్నారు. ఆయన భార్య చంకల కింద చేతులేసి లేపి, వెనక దిండ్లు పెట్టింది. ఆ కాస్తకే ఆయన నుదురంతా తడిసిపోయింది. ఆసుపత్రికి ఎందుకు రావట్లేదండీ అని అడిగాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. "మీది రెండో అంతస్తు కదా బాబూ. ఈ మెట్లు దింపి, ఆ మెట్లు ఎక్కించేది ఎవరు?" అంది.

మా ఆసుపత్రికి లిఫ్టు లేదు బావా. రోజూ ఆ మెట్లెక్కే డ్యూటీకి పోతున్నాను. ఒక్కనాడూ తట్టలేదు.

తర్వాత బస్సు కండక్టరు ఇల్లు, ఇస్త్రీ చేసే ఆవిడ ఇల్లు, ఇంకా కొన్ని తిరిగాను. అన్నిచోట్లా అదే కథ. ఇస్త్రీ ఆవిడైతే "ఎండాకాలం మధ్యాహ్నం కాళ్లు అస్సలు నా మాట వినవు, చల్లబడితే కాస్త నయం" అంది. ఈ జబ్బున్న చాలామందికి వేడి పడదట. పొద్దున్నుంచీ ఎండలో తిరిగి ఆ మాట వింటున్నాను, ఎక్కడ ముఖం పెట్టుకోవాలో తెలియలేదు.

నేను కొలిచింది ఎండని కాదు, మెట్లెక్కి రాగలిగినవాళ్లని. ఎక్కలేనివాళ్లు నా పసుపు టేపు దాకా రాలేదు. మీ ఊళ్లో లిఫ్టుంది, ఇంటికి బండి పంపుతారు, కుర్చీలో ఉన్నవాళ్లూ లెక్కలో కనిపిస్తారు. అందుకే జబ్బు అక్కడ ముదిరినట్టూ ఇక్కడ మెత్తగా ఉన్నట్టూ నాకు తోచింది. ఊరికీ ఊరికీ అసలు తేడా ఎంత ఉందో డాక్టరమ్మ మళ్లీ మొదట్నుంచి చూస్తానంటోంది. పచ్చి లెక్క అని ఆవిడ ముందే చెప్పింది. తొందరపడింది నేను.

రావొద్దు బావా. ఆ డ్రిప్ వదులుకోవద్దు. మాస్టారికి మొదట్లోనే అది దొరికి ఉంటే ఎలా ఉండేవారో అని డాక్టరమ్మ అన్న వెంటనే బయటికొచ్చి నీకు ఫోన్ చేశాను.

తిట్టాలనిపిస్తే తిట్టు.

గడియారం


అదే బల్ల, అదే కిటికీ

బావమరిదికి,

తిట్టమన్నావు కాబట్టి తిడుతున్నాను. నీకెవరు చెప్పమన్నారురా?

సంతకం పెట్టలేదు. రాజీనామా లైబ్రేరియన్ గారి సొరుగులోనే ఉందట, తిరిగి ఇచ్చేశారు. ఇంటామె కూడా సంతోషించింది. అందరూ సంతోషించారు. పెట్టె మాత్రం ఇంకా విప్పలేదు, మంచం పక్కనే ఉంది. రాత్రి లేవాల్సి వస్తే చక్రం దానికి తగులుతోంది.

అవును, చక్రమే. నీ మొదటి ఉత్తరం వచ్చేనాటికే నేను కుర్చీలో ఉన్నాను. షోకు కర్ర ఉందన్నది నిజమే, మూలన నిలబెట్టి ఉంది. దాంతో నేను నడిచింది దుకాణం గుమ్మం దాకా. తలుపుల వెడల్పు అడిగింది ఏ బీరువా కోసమో ఇప్పుడైనా నీ బుర్రకి ఎక్కిందా? రైలు దిగాక చూసుకుందాంలే, ఎదురుగా ఉన్నవాణ్ణి వెనక్కి పంపలేవు కదా అనుకున్నాను.

నీ ఎండని నేను ఒక్కరోజు కూడా నమ్మలేదు. పుస్తకాల మధ్య బతికినవాణ్ణి, ఆ మాత్రం చదువుకోలేదనుకున్నావా? నమ్మినట్టు నటించాను. ఊరికే వచ్చి నీ ఇంట్లో కూర్చోవాలంటే నాకు చచ్చేంత మొహమాటం. మీ అక్క ఉంటే హక్కుగా వచ్చేవాణ్ణి. ఆమె లేకుండా ఏ పేరు పెట్టుకుని రాను? వైద్యం కోసం వచ్చాడు అంటే చాలు, నలుగురిలో నీకూ బాగుంటుంది, నాకూ బాగుంటుంది. అంత మంచి సాకు నాకు మళ్లీ దొరకదు. దాన్ని నువ్వు ఇల్లిల్లూ తిరిగి మరీ పాడుచేశావు.

నువ్వు చేసింది సరైనదే. నాకు తెలుసు. అయినా కోపంగానే ఉంది.

బావ


నరాల ఆసుపత్రి, కింది అంతస్తు
తొలి వాన

బావా,

నీ ఉత్తరం జేబులో పెట్టుకుని చాలా రోజులు తిరిగాను. చెమటకి తడిసి సిరా అలుక్కుపోయింది, అయినా అన్నీ గుర్తున్నాయి.

డాక్టరమ్మ దెబ్బలాడి కింద ఒక గది తీసుకుంది. ఇదివరకు మందుల పెట్టెలు పడేసేవాళ్లు. ఇప్పుడు కుర్చీలు లోపలిదాకా వస్తున్నాయి. రాలేనివాళ్ల ఇళ్లకి నేను వెళ్తున్నాను. నడక లేనివాళ్ల దగ్గర గడియారంతో పని లేదు కాబట్టి కూర్చుని వాళ్లు చెప్పింది వింటున్నాను. ఎప్పుడు పడ్డారు, ఎప్పుడు చెంచా జారింది, ఏ మందు ఎన్నాళ్లు వాడారు. మాస్టారు చేతి పట్టు పోయింది కానీ, గోడ మీద నీడలు చూపించి అది గుర్రం, ఇది ఓడ అంటారు. నాకు ఏదీ కనబడదు. కనబడింది అంటాను.

నీకు సాకు కావాల్సి వచ్చిందన్నావు. నాకూ అంతే బావా. ఒంటరిగా ఉండలేకపోతున్నాను, నువ్వు వచ్చి నాతో ఉండు అని రాయలేకపోయాను. ఆ ఒక్క మాట రాయడానికి నాకు ఇన్ని ఊళ్ల లెక్కలు కావాల్సి వచ్చాయి. నీ కాళ్ల కోసం అన్నాను. నీ కాళ్ల కోసం కాదు. గదికి రంగు వేయించింది నాకోసం.

ఇప్పుడు ఆ మాట రాశాను, కానీ రమ్మనడానికి లేదు. నీ మందు అక్కడుంది. నేను వద్దామంటే, ఈ మేడమీది గదులకి వెళ్లే మనిషి ఇంకొకరు లేరు. నేను మానేస్తే వీళ్లు మళ్లీ లెక్కలోంచి జారిపోతారు. ఈ పని అయ్యేదాకా కదలలేను. అయ్యాక సెలవు దొరికితే వస్తాను. ఎప్పుడని అడక్కు, నాకూ తెలియదు.

కోపం తగ్గాక రాయి. తగ్గకపోయినా రాయి.

నీ గడియారం


కిటికీ పక్క బల్ల
మళ్లీ చలి మొదలైంది

ఒరేయ్ గడియారం,

కోపం ఎప్పుడో పోయింది. వేళ్లు సహకరించక ఆలస్యమైంది. ఈ నాలుగు ముక్కలు రాయడానికి రెండు పూటలు పట్టింది, అక్షరాలు వంకరపోతే నవ్వకు. వంకర అక్షరాల్లో నువ్వూ తక్కువేం కాదు.

మాస్టారితో ఆ ఓడ కనబడిందనే చెబుతూ ఉండు.

నిన్న డ్రిప్ పెట్టించుకుని వచ్చాను. నర్సు కొత్తమ్మాయి. సీసా అయిపోవచ్చాక, ఇంటికి తీసుకెళ్లడానికి మీవాళ్లు ఎవరైనా ఉన్నారా అంది. పాత నర్సుకైతే ఎవరూ లేరని తెలుసు, అడిగేది కాదు. ఈ అమ్మాయి అడిగేసరికి నోట్లోంచి ఉన్నాడని వచ్చేసింది. ఎవరంది. మా బావమరిది అన్నాను. అయితే ఆయన వచ్చేదాకా ఇక్కడే ఉండండి అని, నా కుర్చీని తలుపుకి ఎదురుగా తిప్పి, కాళ్ల మీద దుప్పటి సర్ది వెళ్లిపోయింది.

పిలిచి, రాడమ్మా అని చెప్పొచ్చు. చెప్పలేదు. వచ్చేవాళ్లనీ పోయేవాళ్లనీ చూస్తూ చాలాసేపు అలాగే తలుపు వైపు కూర్చున్నాను. బాగానే అనిపించిందిరా.

బావ